ఎండకు పెట్టిన సెల్లులు

బళ్ళారి పత్తి మార్కెట్టు వెనక సందులో, సాయంత్రమైతే తప్ప కోటగుడ్డ కొండ నీడ వచ్చి వాలని ఒక మిద్దె ఇల్లు ఉండేది. ఆ మిద్దె మీద ఏ కాలమైనా ఒక చేట ఎండుతూ కనిపించేది. కింద నుంచి చూసినవాళ్ళు వడియాలనుకునేవాళ్ళు. పైకెక్కి చూస్తే చేటలో గుడ్డ పరిచి, దాని మీద పెన్సిలు సెల్లులు వరుసగా పడుకుని ఉండేవి. పాలు తాగి నిద్రపోతున్న పిల్లుల్లాగా, ఎండ తాగుతూ.

అవి పంకజాక్షమ్మ చెవులు.

ముప్పై దాటిన యేడు ఆమెకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది కానీ, పోతూపోతూ చప్పుళ్ళను ఒక్కొక్కటే వెంటబెట్టుకుపోయింది. మొదట దోమ పోయింది. తర్వాత రేకు మీద పడే చినుకు పోయింది. పిచ్చుకలు పోయాయి. పక్కింటి గొళ్ళెం, రోకటి పోటు, తన గాజులు కూడా పోయాయి. చివరకు మనుషులు మిగిలారు. వాళ్ళు కూడా హగరి ఏటికి ఆ ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నట్టు ఉండేది.

పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం చెవుడు వచ్చినవాళ్ళకు మెల్లగా అలవాటవుతుందంటారు. ఆమెకు కాలేదు. ఆ ఇంట్లో కోడళ్ళు మగనితో మాట్లాడేటప్పుడు తల ఎత్తకూడదు. అత్తగారు పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ తల లేవలేదు. ఆయన మాట్లాడుతుంటే ఆమె చేటలోని శెనక్కాయల వైపో, ఆయన పాదాల వైపో చూసేది. ఆయన కాలి బొటనవేలి గోరు ఎటు వంకర తిరిగిందో ఆమెకు తెలుసు. నోరు ఎలా కదులుతుందో తెలియదు.

ఆయన పేరు పంపాపతి. పత్తి మార్కెట్టులో ఒక దలాలి అంగడి తరఫున వేలం పిలిచే మనిషి. పత్తి కుప్ప మీద చెయ్యి ఆనించి ఆయన పిలిస్తే, రైలు గేటు దగ్గర ఆగిన బండ్లవాళ్ళు కూడా ఎద్దుల్ని అదిలించేవాళ్ళని చెప్పుకునేవారు. ఆ పిలుపు పంకజాక్షమ్మ ఏనాడూ వినలేదు. మార్కెట్టులోకి ఇంటి ఆడవాళ్ళు పోరు. ఇంటికొచ్చేసరికి ఆ గొంతు చెప్పులతోపాటు గడప బయట ఉండిపోయేది. లోపలికి వచ్చేది మెత్తటి గొంతు, నూరిన గంధంలాంటిది. ఆ రెండో గొంతు మటుకు ఆమెది.

డెబ్బై తొమ్మిదిలో ఆయన మిల్లు పని మీద మద్రాసు పోయి చెవి మిషను తెచ్చాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద పెట్టె, దానికో తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిరడా. పెట్టెలో ఒక సెల్లు వేసి ఆమె చేతిలో పెట్టి, మర తిప్పి, మెల్లగా అడిగాడు.

"ఏమే, వినబడతాండాదా?"

ఏటి ఆ ఒడ్డున ఉన్న మనిషి ఒక్క అడుగులో ఈ ఒడ్డుకు వచ్చేశాడు. ఆమె తల వంచుకునే, "వినబడతాండాది" అంది. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోతే, పొంగిన చప్పుడు విని కూడా లేవలేదు.

కానీ ఆమె వ్యాపారస్తుల ఇంటి పిల్ల. ఏ వస్తువునూ ఊరికే కరగనివ్వదు. పొద్దంతా మిషను మర కట్టేసి ఉండేది. సెల్లు బలం తగ్గితే పారెయ్యకుండా ఎండకు పెడితే మళ్ళీ కొన్నాళ్ళు వస్తుందని రేడియో అంగడి అంజినప్ప చెప్పాడు. అప్పటి నుంచి మిద్దె మీద చేట మొదలైంది. పోనుపోనూ ఆమెకు సెల్లుల ఈడు తెలిసిపోయేది. కొత్త సెల్లులో మాట పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. నడిమిది పక్క గదిలోంచి. ముసలిది వీధి చివర నుంచి, అది కూడా గాలి ఎటు వీస్తుందో దాన్ని బట్టి.

వాటికి పనులు కూడా పంచిపెట్టింది. కొత్త సెల్లు ఆయన మాటలకు. నడిమి సెల్లు చుట్టాలకు. ముసలి సెల్లు ఉరుకుందమ్మకు.

ఉరుకుందమ్మ పాచిపని చేసే మనిషి. కురుగోడు పక్క చేలల్లో కలుపుకు పోయి, పనులు లేని కాలం బళ్ళారికి వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. చేలల్లో అలవాటైన గొంతు, గట్టు మీద నుంచి గట్టు మీదకు పిలిచే గొంతు.

"ఏందమ్మా ఇది? అయ్యకు పడుచు సెల్లు, నాకు ముసలి సెల్లా?"

"నీకు సెల్లే దండగ పోవే. నువ్వు నోరు తెరిస్తే మిషను తీసి గూట్లో పెట్టినా వినబడతాది."

"అట్లయితే ఒక పని చెయ్యమ్మా. నన్నే చెవికి కట్టుకో. ఎండకు గూడా పెట్టే పని లేదు, ఎప్పుడూ ఎండలోనే ఉంటా!"

ఇద్దరూ నవ్వేవాళ్ళు.

సాయంత్రం పంపాపతి వచ్చి కాళ్ళు కడుక్కుని, రొట్టె తిని, వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అప్పుడు ఆమె కొత్త సెల్లు వేసుకుని స్తంభానికి అటు పక్క కూర్చునేది. ఆయన ఆ రోజు మార్కెట్టు చెప్పేవాడు. ఏ ఊరి బండ్లు వచ్చాయి, ఏ కుప్పలో అడుగున తడి పత్తి దొరికింది, ఎవరు ఎవరి మీద తుండుగుడ్డ విసిరారు. దలాలీలు తుండుగుడ్డ కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నోరు మెదపకుండా ధర తేల్చుకునే తీరు చెప్తూ ఆయనే నవ్వుకునేవాడు. ఆమె రోజు మొత్తంలో బతికేది ఆ కాసేపే అనిపించేది. మిగతా పొద్దంతా దానికోసం దాచుకోవడమే.

అట్లా నాలుగైదు పత్తి కాలాలు పోయాయి.

ఒక చలికాలం పత్తి విరగపండింది. సందులో గాలికి దూది పింజెలు ఎగిరి గుమ్మాల మీద, గడ్డాల మీద వాలేవి. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన మాట పక్క గదిలోకి జరిగినట్టు అనిపించింది. ఆమె మిషను తీసి సెల్లు మార్చింది. కొంచెం దగ్గరికి వచ్చిందేమో అనుకుంది. పది పూటలు గడిచేసరికి మళ్ళీ జరిగింది.

"అంజినప్పకు చెప్పండి, పాత సరుకు ఇస్తాండాడని. ఏడాది నుంచి అంగట్లో పడి ఉన్నవి మనకు అంటగడతాండాడు."

"చెప్తాలే" అన్నాడు ఆయన.

ఆయనే ఆ సెల్లులు తీసుకుపోయి వేరేవి తెచ్చేవాడు. వాటితో కూడా అంతే. మాటలు పొట్టివి అవుతున్నాయి. బండ్ల ఊర్లు పోయాయి, తగాదాలు పోయాయి. "ఈ పొద్దు ఏమీ లేదే మార్కెట్టులో" అనేవాడు. ఒక్కోసారి మాట మధ్యలో ఆగి, "సెల్లు అయిపోయినట్టుండాది నీకు. రేపు మాట్లాడుకుందాం" అనేవాడు. ఆమె సరేనని సెల్లు తీసి, పొద్దున ఎండకు పెట్టడానికి గూట్లో ఉంచేది.

ఆయన పళ్ళెంలో జొన్నరొట్టె అంచులు మిగులుతున్నాయి. పళ్ళు బాగలేవేమో అనుకుని నూనె రాసి మెత్తగా కాల్చింది. మెడకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. పత్తి దుమ్ముకు, చలికి అనుకుని మిరియాల కషాయం కాచింది. కషాయం గ్లాసు ఆయన పాదాల పక్కన పెట్టేది. తల ఎత్తి ఉంటే గొంతు కనిపించి ఉండేది.

శివరాత్రి దాటాక ఒక సాయంత్రం ఆమె అప్పుడే తెచ్చిన సెల్లు, కాగితం చింపి, వేసుకుంది. ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అదే సమయానికి కిటికీ చువ్వ మీద పిచ్చుక వచ్చి వాలింది. అది ముక్కు గీకుతున్న చప్పుడు ఆమె చెవిలో గరగరమని వినబడింది. రెక్క దులిపిన చప్పుడు కూడా. చేటలో జారిన ఒక్క శెనగ్గింజ టక్కుమంది. మనిషి మాత్రం ఏటికి ఆ ఒడ్డున ఉన్నాడు.

పిచ్చుక ఇంత దగ్గర. ఆయన అంత దూరం.

"వినబడతాండాదా?" అని ఆయన అడిగాడు కాబోలు. అలవాటు కొద్దీ "వినబడతాండాది" అంది.

మర్నాడు ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని అంజినప్ప అంగడికి పోయింది. విప్పి పడేసిన రేడియోల మధ్య కూర్చున్న అంజినప్ప లేచి నిలబడ్డాడు. ఆమె గుడ్డలో కట్టుకొచ్చిన సెల్లులు బల్ల మీద పోసింది. అతను రెండు తీగలున్న చిన్న బల్బుకు ఒక్కొక్కటే తాకించాడు. బల్బు ప్రతిసారీ తెల్లగా వెలిగింది.

"సెల్లులు బాగుండాయమ్మా."

"మిషను చెడిందేమో చూడు."

అతను బిరడా తన చెవిలో పెట్టుకుని వెంటనే తీసేశాడు. "అబ్బా! మిషను చూడమ్మా, మంచిగున్న నా చెవినే పగలగొడతాండాది." నవ్వాడు కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మిషను తిరిగి ఆమె చేతికిచ్చి, తల దించుకుని, తనలో తాను అనుకున్నట్టు చెప్పాడు. "సెల్లులో ఏమీ లేదు తల్లీ. అయ్య తెచ్చి మార్చుకునేవన్నీ మంచి సెల్లులే. 'సెల్లులు పోయినాయని ఇంట్లో చెప్పినాను, నువ్వు గూడా అదే మాట అనప్పా' అంటాడు నాతో. ఆ మాట గూడా గుసగుసే. మార్కెట్టులో వేలం ఇప్పుడు సోమప్ప పిలుస్తాండాడు. అయ్య సుమ్నె, ఊరికే పక్కన కూర్చుంటాడు."

బిరడా అప్పటికే ఆమె చెవిలో ఉంది. అతను అంత మెల్లగా చెప్పిన ప్రతి మాటా వినబడింది.

ఉరుకుందమ్మ మండిపడింది. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్న్యావప్పా, చెప్పకుండా?"

"నువ్వు చెప్పినావా? రోజూ ఆ ఇంట్లోనే ఉంటావు, నీకు తెలీదా?"

ఉరుకుందమ్మ బల్ల మీది సెల్లులు గుడ్డలోకి ఎత్తసాగింది. ఆమెకూ తెలుసు. సందు మొత్తానికి తెలుసు. చెవుడున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే అరిచి చెప్పడమే వాళ్ళకు అలవాటు. ఇట్లాంటి మాట ఎవరు అరుస్తారు?

ఆ సాయంత్రం పంకజాక్షమ్మ స్తంభానికి అటు పక్క కూర్చోలేదు. ఎదురుగా వచ్చి కూర్చుని, పెళ్ళయినప్పటి నుంచి ఎత్తని తల ఎత్తి ఆయన మొహం చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడకు ఒక పక్క నిమ్మకాయంత గడ్డ. ఆయన సిగ్గుపడినట్టు తుండుగుడ్డ పైకి లాక్కున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"సెల్లు అయిపోయిందని మొదట అన్నది నువ్వేనే" అన్నాడు ఆయన. నోరు ఇట్లా కదులుతుందా అని ఆమె చూస్తోంది. "సరే, అట్లనే ఉండనీలే అనుకున్నా."

"డాక్టరుకి చూపిచ్చింటే..."

"చూపిచ్చినా. బెంగళూరు పోయి కోయించుకోమన్నాడు. కోస్తే గొంతు ఉండదంట. గొంతు లేకుంటే నీకు మార్కెట్టు ఎవరు చెప్తారే?"

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక చేట ఎత్తి శెనక్కాయలన్నీ వసారా అంతా చల్లింది. తర్వాత ఒక్కొక్కటే ఏరుకుంది. ఆయన కూడా వంగి ఏరాడు.

బెంగళూరు రైల్లో ఆయన ఆమె పక్కనే కూర్చుని దారి పొడుగునా మాట్లాడాడు. పెదవులు ఆగకుండా కదిలాయి. మిషనులో మాత్రం రైలే వినబడింది. చక్రాలు, గొలుసులు, వంతెనలు. ఆ పెట్టెకు ఏ చప్పుడు ముఖ్యమో తెలియదు, అన్నిటినీ ఒక్కటిగా పెంచి చెవిలో పోస్తుంది. ఆయన చివరిసారి మనసు విప్పి చెప్పిన మాటలు అనంతపురానికీ ధర్మవరానికీ మధ్య ఎక్కడో పట్టాల మీద పడిపోయాయి. ఆపమని అడగలేకపోయింది. తల ఆడిస్తూనే ఉంది.

ఆపరేషను రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో జనం తక్కువగా ఉన్నారు. ఆయన ఆమె చేతిలోని మిషను పెట్టెను తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు, మైకు పట్టుకున్నట్టు.

"నా వేలం నువ్వెప్పుడూ వినలేదు గదా. విను. హగరి ఒడ్డు చేను సరుకు. పొడుగు పింజె. ఒక్క ఆకు లేదు, ఒక్క విత్తు లేదు. పాడండయ్యా, పాడండి." గొంతులోంచి వచ్చేది గాలే. ఆ గాలిలోనే ఎత్తూ పల్లమూ ఉన్నాయి, చెయ్యి కుప్ప మీద ఆనించినట్టు గోడ మీద ఆనింది. "ఏమే, పాడేది నువ్వే. ఏమిస్తావు?"

"నా దగ్గర ఏముండాది?"

"ఏదో ఒకటి అను."

"పాత సెల్లులుండాయి."

ఆయన కళ్ళు నవ్వాయి. "పాత సెల్లులు, ఒకటోసారి. పాత సెల్లులు, రెండోసారి..."

దగ్గు అడ్డం వచ్చింది. అది తగ్గేలోపల బండి తోసుకుంటూ ఆసుపత్రి మనిషి వచ్చాడు.

గొంతు తీసేశారు. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం పెట్టి పంపారు.

బళ్ళారికి వచ్చాక మిద్దె మీద చేట కనిపించలేదు. పంకజాక్షమ్మ సెల్లులను ఎండకు పెట్టడం మానేసింది. అంజినప్ప దగ్గర ఉన్న కొత్తవన్నీ తెప్పించి, పొద్దు పొడిచింది మొదలు మిషను మర విప్పే ఉంచుకునేది. ఏ సెల్లు ఎవరికి అనే పంపకం కూడా పోయింది. కాస్త బలం తగ్గిందనిపిస్తే చాలు, తీసి అవతల పెట్టేది.

ఉరుకుందమ్మ ఉండబట్టలేక అడిగింది. "మాట లేని మనిషి దగ్గర ఇంత కొత్త సెల్లు ఎందుకమ్మా?"

"ఊపిరి వినబడతాండాదే" అంది పంకజాక్షమ్మ.

నిజమే. ఆ రంధ్రంలోంచి ఊపిరి పోయి వచ్చే చప్పుడు ఆమెకు స్పష్టంగా వినబడేది. చెరుకాకు మీద గాలి ఆడినట్టు ఉండేది. వంటింట్లోంచి మంచం కాడికి వచ్చినప్పుడల్లా ఆగి వినేది. ఇన్నేళ్ళూ మాటల వెనక దాక్కున్న చప్పుడొకటి ఉందని ఆమెకు తెలియనే తెలియదు. నిద్రలో అది పొడుగ్గా సాగేది. ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు పొట్టిగా, తొందరగా వచ్చేది.

సాయంత్రాలు ఆయన తుండుగుడ్డ తీసి ఇద్దరి చేతుల మీద కప్పేవాడు. దాని కింద ఆమె వేళ్ళు పట్టుకుని నొక్కేవాడు. ఒకసారి రెండు వేళ్ళు, ఒకసారి నాలుగు, ఒకసారి అరచెయ్యి మొత్తం. దలాలీల భాష అది, అంకెలు తప్ప అందులో ఇంకేమీ లేవు. ఆ రోజు పత్తి ధర చెప్తున్నాడో, పాత రోజుల ధర చెప్తున్నాడో ఆమెకు తెలియదు. మార్కెట్టు మొహం చూసి ఎన్ని నెలలైందో ఆయనకు. అయినా ఆమె తల ఎత్తి ఆయన మొహంలోకి చూస్తూ "అవునా? అంత పలికిందా?" అనేది. ఆయన పెదవులు కదిలేవి. వాటిని చదవడం ఆలస్యంగా నేర్చుకున్న ఆమెకు ఒక్క మాట మాత్రం బాగా తెలిసేది. వినబడతాండాదా?

ఎండలు ముదిరాయి. బళ్ళారిలో ఆ కాలానికి గోడలు కూడా మూలుగుతున్నట్టు ఉంటాయి. ఒక మధ్యాహ్నం ఆయన కాస్త గంజి తాగి పడుకున్నాడు. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని దూది తీసి వత్తులు చేస్తోంది. పెరట్లో ఉరుకుందమ్మ గిన్నెలు తోముతోంది. చెరుకాకు మీద గాలి ఆడుతూ ఉంది. ఆమె చేతులు ఆ గాలి కొలతకే వత్తిని తిప్పుతున్నాయి.

కొంతసేపటికి గాలి పక్క గదిలోకి జరిగింది.

సెల్లు, అనుకుంది. నిన్ననే వేసింది. చేతిలోని దూది పక్కన పెట్టి సెల్లు తీసి ఇంకొకటి వేసింది. గాలి వీధి చివరకు పోయింది. అది కూడా తీసింది. పొట్లం చింపి మూడోది వేసింది. గిన్నెల మీద బూడిద రాపిడి వినబడింది. దండెం మీద పంచె రెపరెపలాడటం వినబడింది. ఎక్కడో సోడా బండి గోలీల చప్పుడు కూడా వినబడింది. అది తీసి నాలుగోది వేసింది. మర చివరిదాకా తిప్పింది.

తల ఎత్తి మంచం వైపు చూడలేదు. ఎప్పటిదో పాత అలవాటు మళ్ళీ వచ్చి మెడ మీద కూర్చున్నట్టు, నేల మీద దొర్లుతున్న సెల్లుల వైపే చూస్తూ ఉంది.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉరుకుందమ్మ లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

"చూడవే" అంది పంకజాక్షమ్మ, నాలుగోది కూడా తీసేసి ఐదో సెల్లు కాగితం చింపుతూ. "అంజినప్ప మళ్ళా పాత సరుకు ఇచ్చినాడు. ఒక్కటీ పని చెయ్యదు. నువ్వు పోయి అడుగు. గట్టిగా అడుగు."

ఉరుకుందమ్మ మంచం దగ్గరికి పోయి వంగి చూసింది. తర్వాత వచ్చి ఆమె ముందు కూర్చుని, సెల్లు వేయబోతున్న చేతిని పట్టుకుంది. చేల గట్ల మీద పెరిగిన ఆ గొంతు, ఎప్పుడూ దించని గొంతు, దించి చెప్పింది.

"సెల్లు బాగుండాదమ్మా."

మిషనులో సెల్లు లేదు. అయినా పంకజాక్షమ్మకు వినబడింది.